ఖాళీ బండి బరువు

ముప్పై ఒక్కేళ్లు పోర్టు గేటు దగ్గర
వేబ్రిడ్జి గదిలో కూర్చున్నాను.
నిండుగా వచ్చిన బొగ్గు లారీ తూకంలోంచి
ఖాళీగా తిరిగెళ్లే లారీ తూకం తీసేస్తే
మిగిలింది సరుకు.
నాకొచ్చిన లెక్క అదొక్కటే.
దాంతోనే జ్ఞానాపురంలో, పట్టాలకి ఇవతల,
రెండు గదులు వేశాను.
కిటికీ గట్టు మీద వేలు పెడితే
నల్లగా పేరు రాసుకోవచ్చు.
లోపల కూడా ఎవరో రాసి పెట్టారని
రిటైరయ్యాక గానీ తెలీలేదు.

మొదట పిల్లికూతలు.
తర్వాత మెట్ల దగ్గర ఆగడం,
ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగడం.

పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో
ఫిలోమినా గారు గొట్టం ఇచ్చి
ఒక్కసారిగా ఊదమంది.
ముల్లు నూట ఎనభై దగ్గర ఆగిపోయింది.
లక్షల బండ్లు తూచినవాణ్ని,
నన్నెవరైనా తూచడం అదే మొదలు.
"గాలి అందట్లేదమ్మా" అన్నాను.
"అందుతోంది సార్. మీరే దింపట్లేదు.
సరుకు దింపకుండా మళ్లీ లోడుకొచ్చారు."
కేసు షీట్లో నా ఉద్యోగం చదివే అని ఉంటుంది.

కింది పక్కటెముకల మీద
రెండు అరచేతులూ ఆనించింది.
నొక్కవు ఆ చేతులు, అడుగుతాయి.
"నా చేతుల్ని పక్కకి తొయ్యండి. భుజాలు వద్దు, భుజాలు వద్దు.
ముక్కుతో రెండు. పెదాలు సున్నా చుట్టి నాలుగు.
సాసర్లో టీ ఊదుతారే, అలాగ.
టీ ఒలక్కూడదు."
లేచొస్తుంటే గుమ్మం దాకా వచ్చి చెప్పింది:
"పంపు మాత్రం మానకండి.
ఇది దానికి తోడు, బదులు కాదు."

ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకుని
పొట్ట మీద కిలో కందిపప్పు పొట్లం.
ఊపిరికి అది లేవాలి, దిగాలి.
నూకరత్నం గుమ్మంలో నిలబడి చూసి
"ఏటది, పప్పుకి ఊయలేస్తన్నావా?" అని
పడీపడీ నవ్వింది.

కఫం పట్టిన రోజుల్లో వీపు తట్టడం
ఫిలోమినా గారు దానికే నేర్పింది.
"చెయ్యి దోసిలి పట్టమ్మా,
లోపల పిట్టపిల్ల ఉందనుకో. అది చావకూడదు."
మొదటి వారం దోసిట్లో పిట్ట లేదు, పాత బాకీలున్నాయి.
కుదవపెట్టి విడిపించని గాజులకి రెండు,
చెప్పకుండా తమ్ముడికి పెట్టిన హామీ సంతకానికి
గట్టిగా ఒకటి.
ముప్పై నాలుగేళ్లు నా వీపు దానికి
అటు తిరిగి పడుకున్న గోడ.
ఇప్పుడు ఆ గోడ మీద తట్టి
అవతల ఎవరున్నారని అడుగుతోంది.

అక్టోబరులో, తుఫాను చెప్పిన రోజు,
ఆకు కదలని రాత్రి కరెంటు పోయింది.
కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే బిగుసుకుపోయాను.
పంపు కొట్టాను. ఇంకా పట్టు వదల్లేదు.
తట్టబోయి ఆగింది నూకరత్నం,
ఆయాసంలో తట్టకూడదన్న మాట గుర్తొచ్చి.
ఏం చెయ్యాలో తెలీని ఆ రెండు చేతులూ
నా పక్కటెముకల మీద పెట్టి వదిలేసింది.
పీతల వాసన. వణుకు, ఎవరిదో.
అప్పుడే గూడ్సు వచ్చింది.
రెండు వ్యాగన్లకి తీసుకున్నాను,
నాలుగు వ్యాగన్లకి వదిలాను.
మధ్యలో లెక్క తప్పాను,
దాని పెదాలు సున్నా చుట్టుకుని
నాతోపాటు ఊదుతున్నాయని తెలిసి.
గార్డు పెట్టె ఎర్రదీపం దాటేసరికి
ముడి ఎక్కడో ఒక పేట వదులైంది.

తెల్లారి గొట్టం ఊదితే రెండొందల పది.
కేలండరు వెనకాల రాసుకుంది.
కిటికీ గట్టు మళ్లీ నల్లబడితే తుడిచింది.
ఖాళీ బండికీ బరువుంటుంది,
ఎంత దింపినా కొంత మిగులుతుంది.
ముప్పై ఒక్కేళ్లు రోజూ చేత్తో రాసి కూడా
ఆ అంకె నాదనుకోలేదు.

చాప పరిచి పప్పు పొట్లం తెమ్మన్నాను.
"అయిపోనాది. రాత్రి సాంబారెట్టీనాను.
ఉప్పు పేకట్టెట్టుకో."