ఓమ్ లెక్క

ఆదివారం పొద్దుగూకినంక
అజ్మాన్ సనాయల, టైర్ల షాపు పక్క సందుల
వేపుల దుకాణంల నిలబడ్డం, నేనూ ముత్యం.
అద్దం మీద రెండు పెట్టిండు.
ఒకటి రాగి గొట్టం. ఇంకోటి స్క్రీన్ ఉన్న డబ్బా.

ముందుగాల గొట్టమే చేతిలకు తీసుకున్న.
పద్నాలుగేండ్ల సంది తీగలు ఒలుస్తున్నోణ్ణి,
రాగి కనబడితే చెయ్యి ఆగది.
లోపల ఏం లేదు. ఒక సెల్లు, కింద ఒక మీట.
నొక్కితే సెల్లుల ఉన్నదంత నేరుగా తీగకు పోతది.
అడిగేటోడు లేడు, ఆపేటోడు లేడు.
"గిదే తీస్కో, మొగోని లెక్కుంటది" అన్నడు ముత్యం.
"దీనికి బుద్ధి లేదు భాయ్, అది మీరే పెట్టాలె"
అన్నడు హిందీల దుకాణం పిలగాడు రంశీద్.

నాలుగు పాయింట్ రెండు వోల్టులు.
చుట్టిన తీగ సున్నా పాయింట్ రెండు ఓమ్.
భాగిస్తే ఇరవై ఒకటి ఆంపియర్లు.
సెల్లు తట్టుకునేది ఇరవై.
ఆ ఒక్క ఆంపియర్ కాడ మనిషి మూతి ఉంటది.

డబ్బా తీరు వేరే.
తీగ తప్పుంటే ముట్టది, వేడెక్కితే ఆగుతది,
పది సెకన్లు దాటి పీలిస్తే ఇగ చాలంటది.
ఎండకాలం పన్నెండున్నరకు
పని ఆపుమనే సర్కారు కాగితం లెక్క.
ఆ కాగితం జూన్ నడిమిట్ల గాని మొదలుకాదు.
మే నెలల మేమంత రాగి గొట్టాలమే.

మా ఇంట్ల పొగంటే ఆకు.
కోరుట్లల నర్సవ్వ దినాం ఎనిమిది వందలు చుడుతది,
తునికాకు మీద కత్తెర చప్పుడు ఫోన్ల ఇనబడుతది,
మాటల నడుమ, మాటలకంటె ఎక్కువ.
బీడీకి మీట లేదు, చిప్పు లేదు.
పీల్చకపోతే దానంతట అదే ఆరిపోతది.
గంత మర్యాద ఏ మిషన్ల చూడలే.
అయినా దగ్గు. అందుకే ఈ దుకాణం.

గొట్టం తిప్పి తిప్పి చూస్తుంటే
ఉమ్ అల్ క్వైన్ సైటు యాదికొచ్చింది.
పంపు పెట్టినప్పుడల్లా బ్రేకర్ కొట్టేస్తుండె.
"డైరెక్ట్ ఇయ్యి" అన్నడు ఫోర్‌మన్.
ఇచ్చిన. జానెడు తీగ, రెండు నిమిషాల పని.
తెల్లారి తడి నేల మీద
బిష్ణుదేవ్ పంపు ముట్టిండు.

బతికిండు.
కుడిచేతి రెండు వేళ్లకు
ఇప్పటికీ చాయ్ గ్లాసు వేడి తెల్వది.
నన్ను ఎవలూ అడగలే.
తీగ ముక్క నేనే ఊడదీసి జేబుల ఏసుకున్న,
ఆ ప్యాంటు మళ్ల తొడగలే.

గొట్టాన్ని చప్పుడు కాకుండ అద్దం మీద పెట్టిన.
నూట పదిహేను దిర్హమ్‌లు లెక్కబెట్టి
డబ్బా తీసుకున్న.
ముత్యం మూతి ముడిచిండు.
ఓమ్ లెక్క రాక కాదు ముత్యం,
ఆ దినం తీగ పెట్టింది కూడా లెక్క వచ్చిన చెయ్యే.

రాత్రి రూముల ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్నయి.
పై మంచం మీద నేను, కింద ముత్యం.
డబ్బా మీద ఎర్రగ ఏవో అక్షరాలు లేచినయి.
"ఏమంటున్నదిరా?"
"తనతోని అయితలేదంటున్నది. ఛార్జి పెట్టాలట."
"గట్ల చెప్తదా అది?"
"చెప్తది."
ముత్యం లేచి నిలబడి, మంచం పట్టె మీద గదువ ఆనిచ్చి
ఆ అక్షరాలు ఆరిపోయేదాక చూసిండు.
పొద్దుగాల నాలుగింటికి బస్సు.