మూడో మిక్సరు దగ్గర జుల్మీరా

మూత తీయి డెల్ఫిమ్, భయపడకు.
రంగు లేదు. వాసనా లేనట్టే.
పల్చటి తేనెలా జారుతుంది, తీపి మాత్రం ఆశించకు.
నీళ్ళలో పోస్తే కలవదు,
అలిగి పక్కన కూచుంటుంది.
డ్రమ్ము మీది పేరు చదవాలంటే రెండు ఊపిర్లు కావాలి,
మేం 'నూనె' అంటాం.

ఈ తెల్ల పొడి పీవీసీ.
దీని పుట్టుకలో సగం ఉప్పు,
అవేరో మడుల్లో మా నాన్న
మడమలు పగిలేలా గోకి పోసినలాంటిదే.
ఒట్టిదాన్ని కరిగిస్తే మురుగు గొట్టం:
వంచితే విరుగుతుంది,
వంచకపోతే నీకంటే ఎక్కువ బతుకుతుంది.

నూటికి యాభై పాళ్ళు నూనె పట్టించు.
వేడి నూరు డిగ్రీలు దాటనీ.
పొడి తాగేస్తుంది,
తాగీ ఏమీ ఎరగనట్టు పొడిపొడిగా రాలుతుంది.
గుప్పిట్లో నొక్కి చూడు,
ముద్ద కట్టిందా, ఇంకా ఆగు.

లోపల ఏం జరుగుతుందంటావా?
కిక్కిరిసిన బస్సులో లావుపాటి ఆడమనిషిలా
"జరగండి, జరగండి" అంటూ
గొలుసుకీ గొలుసుకీ మధ్య దూరుతుంది.
ఎవరి చెయ్యీ పట్టుకోదు.
వేలు విడిచిన చుట్టం.
అంటీ ముట్టనట్టు ఉంటుంది కనకే
పక్కవాళ్ళు కదలగలుగుతున్నారు.
కనకే ఒకనాటికి లేచి వెళ్ళిపోతుంది కూడా.
మా పెరట్లో తోటగొట్టం చూడు,
పదకొండేళ్ళ ఎండకి నూనెంతా పోయి
పాము కుబుసంలా పెళపెళలాడుతోంది.

బొమ్మలకి ఇది వద్దని చట్టం చేశారు.
పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా, మంచిదే.
బూట్ల లైనూ, తీగల లైనూ వేరే నూనెకి మారాయి.
ఈ మిక్సరు ఒక్కటీ మిగిలింది,
ఆస్పత్రి సంచుల కోసం.

నవంబరులో ఫిర్మీనోకి రక్తం ఎక్కించారు.
రాత్రంతా సంచినే చూస్తూ కూచున్నాను.
నర్సు చెప్పింది:
సంచిలోంచి కాస్త నూనె రక్తంలోకి దిగుతుందట,
దిగి ఎర్రకణం పొర చిట్లకుండా కాస్తుందట,
అందుకే ఆరువారాలు నిలవుంటుందట.
"మరి మనిషికో?" అన్నాను.
"ముందు ఈ రాత్రి గడవనీ" అంది.

లేచి సంచిని వేలితో నొక్కాను.
మెత్తగా ఉంది. సరిగ్గా కలిపారు ఎవరో.
మన బ్యాచ్ కాకపోవచ్చు.
"తాకకండి" అని కసిరింది నర్సు.
నేనేం చెప్పను,
ఇరవై రెండేళ్ళ పరిచయమనా?

గంట కొట్టారు.
చేతులు సబ్బుతో కడుక్కో, రెండుసార్లు.
ఒట్టి నీళ్ళకి పోదు.