ఎడమ సీటు

కారా-బాల్తా దాటాక దారి తల ఎత్తుతుంది.
మా నాన్న సగిన్ ఎడమ సీట్లో కూర్చున్నాడు.
జపానులో పన్నెండేళ్ళు తిరిగి, ఓడెక్కి, రైలెక్కి
మా బిష్కెక్ బజారుకొచ్చిన కారు ఇది.
స్టీరింగు కుడి పక్క, నా చేతుల్లో.
నలభై ఏళ్ళు ఆయన చక్రం తిప్పిన చోట
ఇప్పుడొక చిన్న అర,
అందులో నాలుగు కురుత్ ఉండలు, ఒక కంటి అద్దాల పెట్టె.

తాళం తిప్పినప్పుడల్లా
ఎవరో జపాను అమ్మాయి మర్యాదగా ఏదో చెబుతుంది.
ఆరేళ్ళయింది. ఏం చెబుతోందో మాకు తెలీదు.
నాన్నకి అసలు వినపడదు.
జీల్ లారీలో ఇంజను పక్కనే మోగి మోగి
ఆయన కుడి చెవిని ఎప్పుడో తినేసింది.
ఇప్పుడాయన ఇంజనుని అరికాలితో వింటాడు.

రెండు వేల ఐదొందల మీటర్లు.
గాలి పలచబడింది, ఇంజను ఆయాసపడుతోంది.
బండి మూడో గేరుకి వెళ్తుంది,
నీరసించి రెండుకి దిగుతుంది,
దిగిన సంగతి మరిచి, ఆశపడి, మళ్ళీ మూడు.
ముల్లు లేస్తుంది, పడుతుంది, లేస్తుంది.
"దీనికి కొండ కనబడదమ్మా" అంటాడు నాన్న,
"దాటొచ్చిన దారి ఒక్కటే తెలుసు."

చిన్నప్పుడు నాకు ఆయనే నేర్పాడు, ఇదే మలుపుల్లో.
ఎర్ర గీత దాకా లాగడం మొగతనం కాదనేవాడు.
ఉన్న గేరులో ఊపిరి తగ్గుతూ తగ్గుతూ
పై గేరు ఇవ్వగలిగిన దానితో సరితూగే చోటు ఒకటుంటుంది,
అక్కడ మార్చు.
ఇంజను అడిగాక మారిస్తే ఆలస్యం,
అడక్కముందే మారిస్తే అవమానం.
ఆ చోటు కూడా ఒక్కటి కాదు,
బరువుని బట్టి, ఎత్తుని బట్టి, చలిని బట్టి జరుగుతుంది.
కాగితం మీద రాసుకోబోతే
పెన్ను లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు.

ఆయన చెప్పని సంగతి మా పెద్దమ్మ చెప్పింది:
ఒక నవంబరు రాత్రి ఇక్కడే గేరు దొరక్క
గొర్రెల లారీ పాతిక గజాలు వెనక్కి జారిందని.
అందుకే గేర్ల కారు గొప్పని నేను వాదించను.
నా ఎడమ మోకాలి చిప్ప పగిలిన ఏడాది
ఈ కారే నన్ను మోసింది, క్లచ్చు అడక్కుండా.

సొరంగం. పొగ. గోడల తడి.
బయట పడగానే అటువైపు సూసమిర్ పచ్చగా, ఎక్కడో అడుగున.

ఇక దిగడం.
నూనె మిగల్చాలని బండి పై గేరు వెతుక్కుంటోంది,
ఇంజను నిద్రమొహంతో, వేగం తనంతట తను పెరుగుతోంది.
ముందున్న వ్యాను నుంచి బ్రేకులు కాలిన వాసన.
నాన్న ఏమీ అనలేదు.
ఎడమ పాదం మాత్రం మెల్లగా ముందుకి జరిగి
అక్కడ లేని క్లచ్చుని నేలదాకా నొక్కింది.
కుడి చెయ్యి నా వైపు గాల్లోకి లేచి
అర్ధంతరంగా ఆగిపోయింది.

నేను లీవరు రెండు మీదకి లాగాను.
ఇంజను ఒక్కసారి గొంతెత్తింది, ముల్లు నాలుగు వేలు,
బండి వెనక్కి ఒరిగి తన బరువుని తనే పట్టుకుంది.
ఆయన పాదం అప్పుడు వదిలింది,
సగం వేగంగా, సగం నెమ్మదిగా,
కొరికే చోట క్షణం నిలిచి.

మలుపు మలుపుకీ అంతే.
నేను ఆయన కాలు చూసి లీవరు కదిపాను,
రోడ్డు చూడాల్సిన కళ్ళతో.
తప్పే. రెండుసార్లు హారన్లు తిన్నాం.

లోయలో గుర్రప్పాలు అమ్మే గుడారం దగ్గర ఆపాను.
తాళం తీస్తుంటే ఆ అమ్మాయి మళ్ళీ ఏదో అంది.
నాన్న అద్దాలు తుడుచుకుంటూ నా మొహం చూశాడు.
"నీతో ఎవరో మాట్లాడుతున్నారు కదూ?"
"ఆఁ."
"ఏమిటంట?"
"సరిగ్గానే మార్చావంటోంది."
"నిన్నా, నన్నా?"
అడిగి, జవాబు కోసం ఆగకుండా
తలుపు తీసి, ముందు ఎడమ కాలు దించాడు.