రెండు డబ్బాలు

మృగశిర ఇంకా రానేలేదు,
రాత్రి ఒక్క వాన.
తెల్లారేసరికి తుగ్గలి దారి పొడుగునా
ఆటోలు, బైకులు, సద్దిమూటలు, గొడుగులు.
ఎర్రచేలల్లో వరసగా వంగిన నడుములు.
దూరం నుంచి కలుపు తీస్తున్నట్టే ఉంది.
తీస్తున్నది కలుపు కాదు.

మా బామ్మర్ది మద్దిలేటి ఫోన్ చూపించినాడు.
అరచేతిలో రాయి, రాయిలో వెలుగు.
"గొర్రెలు కాసేటోనికి దొరికిందంట.
ఇరవై లచ్చలంట. బుల్లెట్ బండి కొన్నాడంట."
మూడు 'అంట'లు లెక్కపెట్టకుండానే
గొర్రును గోడకానించినా.
విత్తనాల మూట అరుగు మీదే ఉంది.
చేనులో పదును నాలుగు దినాలుంటుంది,
వజ్రానికి ఒక్క దినం చాలు గదా అనుకున్నా.

గట్టు మీద హుసేనమ్మ టీ అంగడి.
రేకు కింద రెండు డాల్డా డబ్బాలు.
టీ తాగి చేలోకి దిగినోళ్ళు ఎంతమందో
అన్ని చింతగింజలు మొదటి దాంట్లో.
దొరికిందని వచ్చి చెప్పినోళ్ళకు రెండోది.
మొదటిది ఎత్తబోతే నా మణికట్టు వంగింది.
రెండోదాన్ని ఆమే ఆడించింది:
టక్కు. టక్కు.
రెండు గింజలు. పదకొండేండ్లకు.

"దొరికినోడు డప్పు కొట్టిస్తాడు నాయనా.
దొరకనోడు పొద్దుగూకినాక
బస్సు చార్జీ అడుక్కుని పోతాడు.
వాని ఫోటో ఎవడు పంపుతాడు నీకు?"

"దొరికినోడు దాచిపెట్టుకుంటే?
నీకొచ్చి ఎందుకు చెప్తాడు?" అన్నా, తెలివిగా.
గ్లాసు కడిగే చెయ్యి ఆగింది.
"అది నిజమే. నాకు తట్టలేదు.
రెండో డబ్బాకి ఇంకో పది కలుపుకో.
ఇప్పుడు మొదటిదాన్ని మళ్ళా ఎత్తు."

ఎత్తినా.
బరువేం తగ్గలేదు.

"ఇంగొకటి. మీరు దిగితేనే నా టీ చెల్లేది.
నిన్ను ఇంటికి పంపితే నష్టం నాకే.
ఎవరేం చెప్పినా, వాళ్ళకేం మిగుల్తుందో చూడు.
రాళ్ళు కొనే షావుకారి మనుషులు
ఆ వీడియో ఊరంతా ఎందుకు పంచినారో చూడు.
నా మాట కూడా ఊరికే నమ్మొద్దు, తూచుకో.
నాకు లెక్కలు రావు. గింజలొస్తాయి."

టీ డబ్బులు తీసుకుంది.
నా పేరున గింజ మాత్రం వెయ్యలేదు.

ఆ మధ్యాన్నమే సెనక్కాయ విత్తినా.

ఇక్కడ ఆపితే కథ బాగుంటుంది.
శ్రావణంలో వాన మొగం చాటేసింది.
ఊడలు దిగే పొద్దుకి నేల గట్టిపడి
తొమ్మిది మూటలు రావాల్సిన ఎకరాకి మూడు.
"చూసినావా బావా?" అన్నాడు మద్దిలేటి,
పందొమ్మిది దినాలు వంగి వంగి
ఉత్త చేతుల్తో వచ్చిన సంగతి ఎత్తకుండా.

చూసినా. రాత్రంతా చూసినా.
వాన నా చేతిలో లేదు, పదును ఉండింది.
ఆ పొద్దు తెలిసినదాంతో ఆ పొద్దు తూచినా.
పంట పోయినంత మాత్రాన
తక్కెడ తప్పని అనలేను.
మనసు వింటుంది ఈ మాట.
అప్పు కాగితం వినదు.

కాయ పీకేటప్పుడు మన్ను దులిపితే
వేర్లలో ఇరుక్కుని ఏదో మెరిసింది.
నిజం చెప్పాల, గుండె ఆగింది.
బుల్లెట్ బండి కనపడింది, రంగుతో సహా.
రాయిని నోటికాడ పెట్టుకుని ఊదినా.
వజ్రమైతే ఆవిరి అప్పుడే పోతుందంట.
ఇది నాలుగో 'అంట', తెలుసు. అయినా ఊదినా.
ఒకటి. రెండు. మూడు. ఐదు. తొమ్మిది.
"రాయికి ముద్దు పెడతాండావేందన్నా!"
పక్క సాలులో లచ్చుమక్క ఒకటే నవ్వు.
ఆవిరి అట్లనే ఉంది.

సాయంత్రం హుసేనమ్మ అంగడికి పోయి
ఏమీ చెప్పకుండా
మొదటి డబ్బాలో నా గింజ నేనే వేసినా.