పదకొండింటికి ఒక సంబంధం

పరకాల నుంచి నర్మెట దాక
ట్రాలీ ఆటోల పోయినం, నేనూ మా అత్త సాయవ్వ.
పిల్లను చూడ పోతున్నట్టే
పెట్టెల చీర తీసి కట్టింది,
పన్నెండు వేలు కొంగుకు ముడేసింది.
పొట్టేలును అడగ పోతున్నమంటే
డ్రైవర్ అద్దంల చూసి నవ్విండు.
నవ్వనీ.

మాయి పదకొండు. అన్నీ ఆడయి, అన్నీ నల్లయి.
కాకి నలుపు కాదు,
వేంచిన చింతగింజ నలుపు,
ఎండకాలం పోంగ పోంగ వీపు మీద ఎరుపు తేలే నలుపు.
ఊళ్ళె మిగతా మందలు
చెవులకు పసుపు బిళ్ళలతోని లారీలల్ల దిగినయి.
పొడుగు కాళ్ళు, తెల్ల ఒళ్ళు, తూకానికి మంచియి.
కటికాయన వాటి నడుము మీద చెయ్యేసి ధర చెప్తడు.
మా వాటి మీద చెయ్యేస్తే
వేళ్ళు బొచ్చుల మునుగుతయి, మాంసం అందది.

మా పాత పొట్టేలు నిరుడు సచ్చిపోయింది,
గడ్డిమందు కొట్టిన పత్తిచేను గెట్టు మేసి.
పశువుల డాక్టరు కడుపు కోసి చూసిండు,
చేతులు కడుక్కున్నడు,
ఏం చెప్పలే.
ఆ దినం నుంచి మా అత్త మంద లెక్కపెట్టుడు బంద్ చేసింది.
పక్క మందల తెల్ల పొట్టేలు దడి దూకుతదని
కట్టె పట్టుకొని రాత్రుళ్ళు కూసున్నది,
ఎదిగిన బిడ్డను కాసే తల్లి లెక్క.

నర్మెట అవతల ఏ ఊరో చెప్పను.
చెప్తే రేపు ఎవడో తూకపు కాంట పట్టుకొని పోతడు.
కడారి లచ్చుమల్లు అరుగు మీద కూసోబెట్టి
చాయ పోయించి అడుగుడు మొదలువెట్టిండు:
మీ మంద ఏ ఊరి రక్తం?
ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తరా, బద్దకిస్తరా?
ఈతల తల్లి పోతే పిల్లను ఎట్ల బతికిస్తరు?
అత్త గుక్క తిప్పుకోకుంట చెప్పింది.
డొప్పచెవుల దాని బిడ్డ,
బొల్లిమూతి దాని మనుమరాలు,
కెనాలు తవ్విన ఏడు మూడు చెర్లు ఎండినా
పాలు ఎండని దాని మునిమనుమరాలు.
తన పుట్టినరోజు తెల్వదు ఆమెకు.
గొర్రె పుట్టిన వారం చెప్తది.

లచ్చుమల్లు పైసలు ముట్టలే.
అమ్మనన్నడు. ఇస్తనన్నడు.
"రెండు ఈతలు కానీ, మల్ల తోలుకరా.
మొదటి మగపిల్ల నాది.
పుట్టినయి వానకు రేకుల కిందికి ఉరుకుతే
తప్పు నా పొట్టేలుది కాదు, చెప్తున్న."

వచ్చేటప్పుడు జనగామ కాడ వాన దొరికింది.
మాకు పట్టా కప్పిండు డ్రైవర్.
పొట్టేలు ట్రాలీల నిలబడే ఉన్నది,
కొమ్ముల మీంచి నీళ్ళు కారుతున్నా కన్ను మూయలే.
తడిసిన ఉన్ని వాసన.
నా లగ్గమైన ఏడు మేం కప్పుకున్న గొంగడి వాసన.
అత్త పక్కనే ఉన్నదని
మొఖం అటు తిప్పుకున్న.

నిజం చెప్పాలె, ఉన్ని ఎవలూ కొంటలేరు.
మగ్గం గుంతల కోడి పొదిగింది.
నేసే ఉప్పలయ్య తాతకు కండ్లల్ల పొర.
కత్తిరించిన బొచ్చు దడి పొంటి పడి ఉంటే
పిట్టలు పోగుపోగు ఎత్కపోతయి.
ఈ ఏడు మా ఊరి పిచ్చుకపిల్లలన్నీ
గొంగట్లనే పుట్టినయి.
మరెందుకు సాదుతున్నరని బ్యాంకు సారు అడిగిండు.
కాగితంల లాభం అన్న గడి కాడ
ఆయన సున్న పెట్టవోతే
మా ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు,
ఖాళీగ ఉంచమన్నడు.

ఇల్లు చేరేసరికి చీకటి.
బురదల దించి తాడు ఇప్పినం.
పదకొండు తలలు ఒక్కసారి లేచినయి.
సాయవ్వ టార్చిలైటు వేసింది,
ఒక్కొక్క వీపు మీద వెలుగు ఆపుకుంట, మెల్లగ.
పన్నెండు, అన్నది.
మల్ల మొదటి నుంచి పెట్టింది.
పొట్టేలు ఎవల దిక్కూ చూడలే,
దడి కింద రాలిన తుమ్మకాయలు
పటపట నములుకుంట
ఆ వానలనే నిలబడ్డది.