తలుపులు దించిన తేదీ

తేదీ చెప్పమంటున్నారు ప్లీడరుగారు.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, పెన్ను మూత తీసి,
"రక్తం సంగతి డాక్టరుతో
మొట్టమొదట ఎప్పుడు చెప్పారమ్మా?"

నాకు తేదీలు నిలవవండి.
గోడ మీద క్యాలెండరు పాలబ్బాయి లెక్కకే.
ఆ మరక చూసిన పొద్దు మాత్రం తెలుసు.
ఆ రోజు కాలవలో నీళ్ళు లేవు.

ఉంటే రేవులోనే ఉతికేదాన్ని.
ఎన్నాళ్ళుగా పడుతోందో ఆ ఎరుపు
రాయి దిగి, గుర్రపుడెక్క కిందనుంచి
కిందూరి వాళ్ళ వైపు పోయుండేది,
నా కంట పడకుండా.
కాలవ కట్టేశారు గనక బోరింగు దగ్గర
సిమెంటు గచ్చు మీద లుంగీ పరిచాను.
అది ఎక్కడికీ పోలేదు.
రెండు బిందెలు కుమ్మరించినా
గచ్చు పగుళ్ళలో ఉండిపోయింది.

"వేడి చేసిందిలే" అన్నాడాయన,
తల అటు తిప్పుకుని.

ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను.
భాస్కరమూర్తి డాక్టరు చెడ్డవాడని ఎక్కడా రాయకండి.
మా రెండోవాడికి ఫిట్స్ వస్తే
అర్ధరాత్రి వానలో టార్చిలైటు పట్టుకొచ్చిన మనిషి.
అందుకే కదండీ నమ్మాం.
బల్ల మీద పదిమంది. సగం చిరిగిన తెర.
సూదులేసే పిల్ల మా వీధిదే.
ఈయనకి నోరు పెగల్లేదు.
నేనే చెప్పాను. గొంతు తగ్గించాను, నిజమే,
కానీ చెప్పాను:
దొడ్డికెళ్తే నెత్తురు పడుతోందండి, మొలతాడు జారిపోతోందండి.
అప్పటికే రాసేస్తున్నారాయన.
పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు.
మొలలు, అన్నారు. ఒక ట్యూబు, ఒక పొడి.

మళ్ళీ వెళ్తే గ్యాసు.
ఆ తర్వాత వయసు.
వానాకాలం మధ్యలో
"ఊరికే మనసులో పెట్టుకుంటున్నావయ్యా రాఘవులూ" అని నవ్వారు.
ఈయనా నవ్వాడు.
ఇంటికొచ్చి మొలతాడు ముడి విప్పి
ఇంకో అంగుళం లోపలికి కట్టుకున్నాడు.

కార్తీకంలో పొట్ట తప్పెటలా బిగిసింది.
కాకినాడలో గొట్టం వేసి చూశారు.
ఆ డాక్టరమ్మ తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా
"ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?" అంది.
"చూశారండి" అన్నాడు మా ఆయన. "పదకొండు సార్లు."

ఇరవై తొమ్మిదేళ్ళు లాకుల దగ్గర లస్కరండి.
నీళ్ళు బెత్తెడు ఎగతన్నితే చాలు,
దిగువనెక్కడో అడ్డం పడిందని చెప్పేవాడు.
చెప్పి ఊరుకునేవాడు కాదు, గట్టెంట నడిచి వెళ్ళి,
మొలలోతు దిగి, చేత్తో తడిమి వచ్చేవాడు.
ఆ తర్వాతే రిజిస్టర్లో రాసేవాడు.

ఇప్పుడు అవతలి వకీలు
చీటీలన్నీ బల్ల మీద పరిచి
ఎక్కడా నెత్తురన్న మాటే లేదంటున్నాడట.
చీటీలో లేనిది నేను చెప్పనట్టేనట.

సరేనండి. మరి ఒక పని చెయ్యండి.
లాకుల గదిలో, ఇనప బీరువాలో,
ఆ ఏటి రిజిస్టరు ఉంటుంది. చెదలు పట్టకపోతే.
వేసవి పేజీ తియ్యండి.
"ఉదయం ఆరు గంటలకు తలుపులు దించడమైనది" అని
తేదీతో సహా ఆయన చేతిరాతే.
మరక చూసింది ఆ మర్నాడు.

ప్లీడరుగారు పెన్ను ఆపారు.
"ఇది కాలవ సంగతి కదమ్మా..."
అని, కాసేపు కిటికీలోకి చూసి,
రాసుకున్నారు.

వాయిదా మళ్ళీ శ్రావణంలోకి పడింది.

కాలవకి నీళ్ళొదిలి వారమైంది.
రేవు నిండుగా ఉంది, అందరూ అక్కడే.
నేనింకా గచ్చు మీదే ఉతుకుతున్నాను.
ఉన్నవి నా చీరలే, రెండు.
అయినా నీళ్ళు పారబోసే ముందు
వంగి ఒకసారి చూస్తాను.