కీ ఇవ్వడం

శుక్రవారం సాయంత్రం. ఉత్తర వేల్స్‌లో ఎప్పటి వానే,
పలకరాతి గుట్టల మీంచి జారి
స్టాఫ్ రూమ్ కిటికీకి ఏటవాలుగా తగులుతోంది.
ఇరవై ఏడు నోటుపుస్తకాలు, ఒక ఎర్ర పెన్ను,
తన వేడినంతా గదికి ఇచ్చేసిన టీ.

ప్రశ్న నేనిచ్చిందే:
మీకు తెలిసిన చోట శక్తి ఎక్కడ బయలుదేరి
ఎక్కడికి చేరుతుందో రాయండి.

పద్దెనిమిది మంది కెటిల్ గురించి రాశారు.
ఐదుగురు ఫోను. ఒకడు కుక్క,
బిస్కెట్టు దగ్గర మొదలై తోక చివర ముగిసింది, బాగుంది.
ఇద్దరు ఏమీ రాయలేదు.
వాళ్ళ శక్తి ఇంకా నిల్వలోనే ఉంది.

అడుగున మాబ్లి పారీ పుస్తకం.
"మా తైద్ ఊరి గడియారానికి కీ ఇస్తాడు."
తైద్ అంటే ఇక్కడ తాత.
ఇద్వాల్ పారీని నేనెరుగుదును,
క్వారీలో రాయి చీల్చి చీల్చి
పిడికిలి పూర్తిగా ముడుచుకోని మనిషి.

కీ ఇవ్వడం అంటాం గానీ
కీ ఇవ్వడు, తిప్పి జేబులో వేసుకుంటాడు.
ఇచ్చేది మరొకటి.

పొద్దున ఉప్పేసిన ఓట్స్ జావ.
ఎనభై నాలుగు మెట్లు.
నూట యాభై కిలోల ఇనుప గుండు
పళ్ళచక్రం టకటకమంటుంటే
తొమ్మిది మీటర్లు పైకి.
మాబ్లి గుణించింది, తప్పు పోలేదు:
పదమూడు వేల ఐదు వందల జౌళ్ళు.
మెట్ల మీద తాత తన ఒంటిని తాను
మోసుకుపోయిన లెక్క మరిచిపోయింది.
అదీ ఇంచుమించు అంతే, డెబ్బై దాటిన మోకాళ్ళతో.

ఆ కింద ఒక వాక్యం రాసి కొట్టేసింది,
కొట్టేసినా చదవొస్తోంది:
"మా వంటింటి బల్బు దీన్ని
ఇరవై ఐదు నిమిషాల్లో తాగేస్తుంది."
తాత చూస్తే నొచ్చుకుంటాడనుకుందేమో.

నిజమే, ఒక బిస్కెట్టులో అంతకు ఇరవై రెట్లుంది.
కానీ గుండుకి తొందర లేదు.
గంటకి మూడు వేళ్ళ వెడల్పు,
నిలబడి చూస్తే దిగుతున్నట్టే ఉండదు.
ఆ దిగుడు మీదే
రొట్టెల కొట్టు షట్టరు లేస్తుంది,
ఐదున్నర బస్సు ఐదూ ముప్పై ఆరుకి వచ్చిందని తేలుతుంది,
మొన్న పెళ్ళికూతురు పన్నెండు నిమిషాలు ఆలస్యమని
చాపెల్ మెట్ల మీద అందరికీ తెలుస్తుంది.

ఆఖరి భాగం: చివరికి ఎక్కడికి చేరింది?
నా జవాబుపత్రంలో ఉన్నది:
పరిసరాల ఉష్ణశక్తి నిల్వలోకి వెదజల్లబడింది. ఒక మార్కు.

మాబ్లి రాసింది:
"తైద్ తిప్పాక పిడి వెచ్చగా ఉంటుంది.
నేను వెంటనే పట్టుకుంటాను.
మెల్లగా చల్లబడుతుంది.
తర్వాత ఎక్కడికెళ్ళిందో తెలీదు గానీ
కాకులు ఆ గోడకే ఆనుకుని కూర్చుంటాయి."

ఎర్ర పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
కాకుల మాటకి ఆధారం లేదు, ఆ వేడిని
మా బడిలో ఏ థర్మామీటరూ పట్టలేదు.
"కాకుల సంగతి రుజువు చెయ్యి" అని రాసి
మార్కు ఇచ్చేశాను.

శనివారం గోపురం ఎక్కాను.
ఎందుకొచ్చావని ఇద్వాల్ అడగలేదు.
సగం తిప్పి, ఊపిరి కోసం ఆగి,
పిడి నా వైపు జరిపాడు.
అతని చెయ్యి వదిలిన చోట
నా చెయ్యి పడింది. వెచ్చగానే ఉంది.

ఇరవై చుట్లకే భుజం పట్టేసింది.
చెమట కోటులోపలికి, ఆవిరి నోట్లోంచి,
నేను తిన్న టోస్టులో ముప్పాతిక భాగం
గడియారానికి అందకుండానే పోయిందని
పాఠం చెప్పేదాన్ని, నాకు తెలుసు.

"బరువు కాదు కష్టం," అన్నాడు,
"చివర్లో మెల్లగా వదలడం."

ఆదివారం మధ్యాహ్నం, గొడుగు కింద,
పోస్టాఫీసు ముందు ఆగి తలెత్తి చూశాను.
పెద్ద ముల్లు ఒక గీత ముందుకి జరిగింది.
అందులో కొంత
నిన్న పొద్దుటి నా రొట్టెముక్క.